రెండో వాసన

మటోల్ నదికి ఎగువన ఉన్న కొండల్లో జూనిపర్ ముక్కుకు పెద్ద పేరుండేది. చుట్టుపక్కల గంజాయి పండించే వాళ్ళు తమ లేత మొక్కలను అట్టపెట్టెల్లో సర్దుకుని, గతుకుల మట్టిరోడ్డు మీద ట్రక్కు ఎగిరెగిరి పడుతుంటే ఒళ్ళో పదిలంగా పట్టుకుని ఆమె దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఆమె మొక్క కాండాన్ని బొటనవేలితో రుద్ది, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. "దీన్ని ఉంచుకో. అదిగో, ఆ చివరిదాన్ని పారెయ్. పూతకొచ్చాక తడిసిన గోనెసంచి కంపు కొడుతుంది, నా మాట విను" అనేది. వినని వాళ్ళు ఆకురాలే కాలంలో మళ్ళీ వచ్చి తల గోక్కునేవాళ్ళు. తన ముక్కు గొప్పదని అందరికన్నా ఎక్కువగా ఆమెకే తెలుసు. ఆ సంగతి దాచుకోవాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆ మొక్కల జిగురులో వాసననిచ్చే నూనెలు చాలా రకాలుంటాయి. టర్పీన్లంటారు వాటిని. వాటిలో ఒకటో రెండో పెత్తనం చేస్తాయి: నిమ్మతొక్కో, పైన్ చెట్టో, మిరియమో. దారినపోయే వాడికైనా తెలిసేది అదే. మిగతావి పెళ్ళింట్లో వెనక వరుసలో కూర్చున్న చుట్టాల లాంటివి. వచ్చారని ఎవరూ గమనించరు, రాకపోతే మాత్రం ఇల్లు బోసిపోతుంది. జూనిపర్ పనంతా ఆ వెనక వరుసతోనే. మొదటి వాసన చూసి మురిసిపోయే వాళ్ళను చూస్తే ఆమెకు నవ్వొచ్చేది.

వాళ్ళమ్మ డేలియా వయసులో ఉండగా ఈ కొండలకు వచ్చి, దుంగ మీద దుంగ పేర్చి ఇల్లు కట్టుకుని, ఎవరో ఇచ్చిన విత్తనాలు నాటింది. ఆ మొక్కలు మొదట అందరి మొక్కల్లాగే పైన్ వాసన వేసేవి. కానీ వేలితో నలిపి కాసేపు ఆగితే, అడుగునుంచి ఇంకో వాసన పైకి తేలేది. బాగా మగ్గిన ఆప్రికాట్ పండు, దాని వెనకే కొద్దిగా మాడు వాసన. అదీ డేలియా రెండో వాసన. తర్వాత కొనేవాళ్ళు ఘాటు కావాలన్నారు, తీపి కావాలన్నారు. వాళ్ళకోసం ఆ మొక్కను దానితో కలిపి, దీనితో కలిపి, చివరికి ఒకనాడు చూసుకుంటే రెండో వాసన మాయమైపోయింది. డేలియా పోయాక దాన్ని తిరిగి తేవాలని జూనిపర్ పట్టుబట్టి కూర్చుంది. అమ్మ ఫ్రీజర్లో దాచిన పాత విత్తనాల్లో మొలిచినవి కొన్నే. వాటిని మళ్ళీ మళ్ళీ కలుపుతూ పోగా ఒక్క ఆడమొక్కలో ఆ వాసన తిరిగొచ్చింది. దాన్ని నిలబెట్టాలంటే అదే వాసన మోస్తున్న మగమొక్క కావాలి. మగమొక్కకు నలిపి చూడ్డానికి జిగురు పువ్వుండదు. కాండం రుద్ది, వేలికంటిన ఆ కాస్తలో వెతుక్కోవాల్సిందే.

చెల్లెలు లార్క్ ఈ వ్యవహారాన్ని నమ్మేది కాదు. నీళ్ళ ట్యాంకులు, లైసెన్సు కాగితాలు, ఆరబెట్టే గదులు, కొనేవాళ్ళతో తగాదాలు, ఇవన్నీ ఆమె నెత్తిమీదే ఉండేవి. "అక్కా, నీ రెండో వాసన నీ ముక్కులో తప్ప లోకంలో ఎక్కడా లేదే" అని పెదవి విరిచేది. "నీకు ముక్కుంది గానీ అది కళ్ళజోడు పెట్టుకోడానికి" అని జూనిపర్ తిప్పికొట్టేది. ఇన్నేళ్ళుగా అదే మాట, అదే జవాబు.

ఆ వేసవిలో జూనిపర్‌కు జ్వరం వచ్చింది. అప్పటికి రెండేళ్ళుగా ఊళ్ళన్నీ తిరుగుతున్న జబ్బే. మంచం దిగిన రోజున ఆమె తిన్నగా పై గ్రీన్‌హౌస్‌లోకి, ఆడమొక్క దగ్గరికి వెళ్ళింది. కాండం రుద్ది వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. రెండో వాసన సరే, మొదటిది కూడా లేదు. గాజుపలకను వాసన చూసినట్టుంది. ఇంకోసారి రుద్దింది. ఆకు తుంచి నలిపింది. బయటికొచ్చి డీజిల్ డబ్బా మూత తీసి మొహం ఆనించింది. వంటింట్లో వెల్లుల్లి చిదిమింది. జ్వరంలో వేసుకున్న చొక్కా తీసి మూతికి అదుముకుంది. కళ్ళముందు లోకం మామూలుగానే ఉంది, కుక్క తోక ఊపుతోంది, కొండకింద పొగమంచు విడిపోతోంది. లోపల మాత్రం ఎవరో తలుపులన్నీ మూసి వెళ్ళిపోయారు.

ఎవరికీ చెప్పలేదు. రెండ్రోజుల్లో వస్తుందనుకుంది. రాలేదు. వారం పోయాక చెప్పడానికి నోరు రాలేదు. ముఖ్యంగా లార్క్‌కి చెప్పడమంటే, ఇన్నేళ్ళ వాదంలో చేతులెత్తి ఓడిపోవడమే అనిపించింది. మాట్లాడుతున్నప్పుడు కాఫీ కప్పు ముక్కు దగ్గరికి తీసుకుని "ఆహా" అనడం నేర్చుకుంది. రాత్రిళ్ళు నిద్రపట్టక ఆప్రికాట్ వాసనను గుర్తు చేసుకోబోతే, పండు రంగు గుర్తొచ్చేది, దాని నూగు గుర్తొచ్చేది. వాసన మాత్రం రాలేదు.

ఇంతలో పక్క కొండ స్టెంజెల్ వచ్చాడు. గాలివాలుకు కింద ఉన్న తోట అతనిది. ట్రక్కు దిగకుండానే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"జూనిపర్, నీ మగాళ్ళని కట్టడి చెయ్యి తల్లీ. ఒక్కడు విచ్చుకున్నా నా తోటంతా కడుపులతో నిలబడుతుంది."

"మా మగాళ్ళు నీకన్నా బుద్ధిమంతులు లేవయ్యా."

"నవ్వులాట కాదు. శనివారానికి సముద్రపు గాలి తిరుగుతుంది. నీక్కావలసినవాణ్ణి ఒకణ్ణి గదిలో పెట్టి తాళం వేసుకో. మిగతావాళ్ళు అప్పటికి ఉండకూడదు. కిందటేడు చూశాంగా, నా పువ్వు నిండా గింజలే, కొనేవాడు లేడు. ఈసారి నేను ఊరుకోను."

అతని మాటలో అన్యాయం లేదు. మగమొక్కలు వాగు పక్కన పాత మేకల కొట్టంలో ఉన్నాయి. వాటి మొగ్గలు పచ్చటి గజ్జెల్లా వేలాడుతూ రేపో మాపో పగిలేట్టున్నాయి. ప్రయోగశాలకు పంపుదామా అని లార్క్ అడిగింది. జవాబు వచ్చేసరికి పుప్పొడి గాలిలో కలిసిపోతుందని ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం పొద్దున అక్కాచెల్లెళ్ళు కొట్టంలోకి వెళ్ళారు. జూనిపర్ ముందు, కత్తెర పట్టుకుని లార్క్ వెనక. జూనిపర్ ఒక్కొక్క కాండం రుద్దింది, వేలు ముక్కు దగ్గరికి తెచ్చింది, కళ్ళు మూసింది. మూసిన కళ్ళ వెనక ఆమెకు వినబడింది తన గుండె చప్పుడొక్కటే. ఏం చెయ్యాలి? చూపుతో ఎంచింది. అమ్మ మొక్కలకు కాండం మీద ఊదారంగు చారలుండేవి. చారలున్నది ఒకటి కనబడింది.

"ఇది" అంది.

లార్క్ కదల్లేదు. "వేలింకా మొహం దాకా పోనేలేదు, అప్పుడే చెప్పేశావేంటి?"

"నా ముక్కు నాకు చెప్తుందా, నీకు చెప్తుందా? మిగతావి కొయ్యి."

"ఇంకోసారి చూడు అక్కా. కోశాక అతికించలేం."

"కొయ్యమన్నానా!"

అక్క గొంతులో ఆ వణుకు లార్క్ ఎప్పుడూ వినలేదు. కోపమనుకుంది. కిమ్మనకుండా వంగి కొయ్యడం మొదలుపెట్టింది. ఒక్కో కాండం తెగినప్పుడల్లా వచ్చే చప్పుడు జూనిపర్ మెడ మీద పడ్డట్టుంది. ఆపు అనబోయి మానుకుంది. అక్కడ నిలబడలేక ఇంటిదారి పట్టింది.

పొయ్యి మీద పొద్దున పెట్టిన చిక్కుడు గింజల కుండ ఉంది. అది పొంగి పక్కలంతా కారింది. మంట ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆరిందో ఆమెకు తెలియదు. తలుపులు, కిటికీలు అన్నీ మూసే ఉన్నాయి. ఆమె కుండ పక్కకు జరిపి, పొంగిన నీళ్ళు గుడ్డతో తుడిచి, కాసేపు బల్లకు ఆనుకుని నిలబడింది. తల దిమ్ముగా ఉంది. కొట్టంలో జరిగినదానికే అనుకుంది. మళ్ళీ మంట వెలిగిద్దామని గూట్లో అగ్గిపెట్టె తీసింది.

లార్క్ మంచినీళ్ళకోసం వచ్చి వరండా మెట్టెక్కిందో లేదో, కుళ్ళిన గుడ్ల కంపు మొహానికి కొట్టింది. కిటికీ అద్దంలోంచి చూస్తే అక్క, అక్క చేతిలో అగ్గిపుల్ల.

"జూన్! గియ్యకు! గియ్యకు!"

తలుపు తోసిన ఊపుకు అది గోడకు కొట్టుకుంది. లార్క్ ఒక్క అంగలో వెళ్ళి అక్క మణికట్టు పట్టుకుంది. పుల్ల కింద పడింది. జూనిపర్‌ను రెక్క పట్టుకుని బయటికి ఈడ్చింది, మెట్ల కిందికి నెట్టింది. వెనక్కి పరుగెత్తి ఇంటి పక్కనున్న గ్యాస్ ట్యాంకు కట్టేసింది. ఊపిరి బిగబట్టి లోపలికెళ్ళి కిటికీలన్నీ తెరిచి బయటపడింది. దగ్గుతూ వచ్చి గడ్డిలో కూలబడింది.

"ఇల్లంతా గ్యాసు" అంది లార్క్. "వరండా దాకా కొడుతోంది. నువ్వు దాని మధ్యలో నిలబడి అగ్గిపుల్ల..." ఆగింది. అక్క మొహం చూసింది. కొట్టంలో వేలు ముక్కు దాకా పోకపోవడం, కాఫీ దగ్గర అతిగా అన్న ఆ "ఆహా", జ్వరం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి. "ఎప్పట్నుంచి?"

జూనిపర్ గడ్డి పీకుతూ ఉండిపోయింది.

"అడుగుతున్నది నిన్నే. ఎప్పట్నుంచి?"

"జ్వరం తగ్గినకాణ్ణుంచి."

"అంటే పొద్దున..."

"ఏమీ తెలీలేదు. రంగు చూసి చెప్పాను."

లార్క్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు మనిషివేనా? నాతో అన్నీ కోయించావు! అమ్మ గింజల్లోంచి వచ్చినవన్నీ నాచేత కోయించి, నువ్వు ఇంటికొచ్చి అగ్గిపుల్ల గీసుకుని చావబోయావు! నాతో ఒక్కమాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వు నవ్వుతావని."

"నవ్వేదాన్నే" అంది లార్క్. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. "నవ్వి, కత్తెర పక్కన పడేసేదాన్ని."

ఆ మాటతో జూనిపర్ లేచి నిలబడింది. "కోసినవి ఏం చేశావ్?"

"చెత్తకుప్ప మీద. ఎండలో పడున్నాయి."

"వాడిపోకముందే నీళ్ళలో పెడితే బతుకుతాయి. మగమొక్క కొమ్మ నీళ్ళలో కూడా మొగ్గ విప్పుతుంది. పద."

ఇద్దరూ కొండవాలు పట్టుకుని పరుగెత్తారు. ఎండకు ఆకులు అప్పుడే తల వేలాడేస్తున్నాయి. దొరికిన బకెట్లన్నింట్లో వాగునీళ్ళు నింపి, కాండాల చివళ్ళు మళ్ళీ కోసి, నీళ్ళలో నిలబెట్టి కొట్టంలో వరసగా పెట్టారు. కొన్నింటి మొగ్గలు పగిలేముందు అయ్యేట్టు అప్పుడే తెల్లబడ్డాయి. సాయంత్రానికి గాలి ఎటు తిరుగుతుందో.

"ఇప్పుడు నువ్వు చూడు" అంది జూనిపర్.

"నేనా? నాకేం తెలుసే? నా ముక్కు కళ్ళజోడుకేగా!"

"తప్పు నాదే. తర్వాత కావాలంటే తిట్టుకో. రుద్దు. రుద్ది వెంటనే వాసన చూడకు. మొదటిది పోనీ. అది ఏ వాసన అని అడక్కు. ఆ వాసనకు నువ్వెక్కడ నిలబడి ఉన్నట్టుందో చెప్పు నాకు."

లార్క్ మొదటి కాండం రుద్ది ఆగింది. "పైన్ చెట్టు. అంతే."

"తర్వాతది."

"రంపపు పొట్టు... కట్టెల కొట్టు వెనక. ఇంకేం లేదు."

ఊదా చారలున్న దాన్ని కూడా చూడమంది జూనిపర్. లార్క్ మొహం చిట్లించింది. "నానిన గడ్డి."

తను ఎంచింది అదే.

అప్పుడే రోడ్డు మీద ట్రక్కు చప్పుడైంది. స్టెంజెల్. దిగి కొట్టం గుమ్మం దాకా వచ్చి బకెట్లు చూసి నిలబడిపోయాడు. "ఏంటిది? పీకేస్తామని చెప్పి పూలకొట్టు పెట్టారా? నాతో ఆటలాడుతున్నారా మీరిద్దరూ?"

"కాసేపు ఆగు స్టెంజెల్."

"ఆగను! ఆ మొగ్గలు చూడు, పగిలేట్టున్నాయి. నేనే మోసుకుపోయి తగలబెడతా." అంటూనే కోపంలో జేబులోంచి సిగరెట్ తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"అది వెలిగించావంటే నీ చెయ్యి విరుస్తా!" జూనిపర్ అరుపుకు వాగు అవతల చెట్టుమీది కాకులు లేచాయి. "ఇక్కడ వాసన చూస్తున్నాం. అరగంట ఇవ్వు. ఆ తర్వాత నీ ఇష్టం, అన్నీ పట్టుకుపో."

అతను ఆమె మొహం చూసి సిగరెట్ చేతిలోకి తీసుకున్నాడు. వెళ్ళి ట్రక్కు మెట్టు మీద కూర్చున్నాడు. కానీ చూపు ఇటే ఉంది.

లార్క్ వరస సాగించింది. పైన్. మిరియం. పైన్. ఏమీ లేదు. ఆమె వేళ్ళు జిగురుతో నల్లబడ్డాయి. ఒకచోట వేళ్ళను బట్టకు తుడుచుకుని, "ఇది నావల్ల కాదక్కా, అన్నీ ఒకేలా ఉన్నాయి" అని ఏడుపు గొంతుతో అంది. జూనిపర్ వాగునీళ్ళు తెచ్చి చెల్లెలి చేతులు కడిగింది. "ఇంకొక్కటి" అంది. ఆ ఒక్కటీ అయ్యాక మళ్ళీ "ఇంకొక్కటి" అంది.

గోడ పక్క బకెట్లో ఎవరి కంటికీ ఆనని సన్నటి మొక్కొకటి ఉంది. లార్క్ దాన్ని రుద్ది, ఆగి, వేలు పైకెత్తింది. ఎత్తిన వేలు అలాగే ఉండిపోయింది. వేలు దూరంగా పెట్టుకుని, ఎవరో తరుముతున్నట్టు కొట్టంలోంచి బయటికి నడిచి, వాగు ఒడ్డున రాయి మీద కూర్చుంది.

జూనిపర్ వెనకే వెళ్ళింది. "ఎక్కడున్నావ్?"

"ముళ్ళపొదలో" అంది లార్క్. "బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలో. నా అయిదో ఏడు. హెలికాప్టర్ వచ్చిన రోజు."

ఆ రోజు జూనిపర్‌కూ తెలుసు. గంజాయి పెంచడం నేరంగా ఉన్న ఆ ఏళ్ళలో తోటలు పట్టుకోడానికి కొండమీద పోలీసు హెలికాప్టర్లు దిగేవి. అమ్మ ఆరుబయట పొయ్యి మీద ఆప్రికాట్ జామ్ కాస్తోంది. చెట్ల పైనుంచి ఆ చప్పుడు వినబడగానే గరిటె పారేసి ఇద్దరినీ చెరో చంకలో ఇరికించుకుని పొదలోకి దూరింది.

"జామ్ మాడింది" అంది లార్క్. "మనం లోపల పడుకునే ఉన్నాం. బూట్లు కనబడ్డాయి. వాళ్ళు పొయ్యి చుట్టూ తిరిగారు. నేను ఏడుస్తానని అమ్మ నా నోరు మూసింది. గట్టిగా మూసింది అక్కా, ముక్కు కూడా. ఊపిరి ఆడలేదు. అమ్మ నన్ను చంపేస్తుందనుకున్నాను. ఆ వాసన అప్పటిది."

"నాకు..." జూనిపర్ ఆమె పక్కన కూర్చుంది. "నాకు వాళ్ళు పోయాక అమ్మ కుండ పైభాగం గోకి పెట్టింది గుర్తుంది. మనిద్దరం వేళ్ళు నాక్కున్నాం. అంత రుచి మళ్ళీ ఎప్పుడూ తినలేదు."

"నీకది జామ్. నాకది నా నోటిమీద అమ్మ చెయ్యి." లార్క్ నీళ్ళలోకి చూస్తూ అంది. "నాకు వాసన తెలీదని ఇన్నేళ్ళూ చెప్పాను కదా? తెలుసు. ఎప్పుడూ తెలుసు. దాని దగ్గరికెళ్తే ఆ చెయ్యి మళ్ళీ నోటిమీద పడ్డట్టుండేది. ఘాటైన మొక్కలు కలుపుదామని కొనేవాళ్ళ వంక పెట్టి నిన్ను తొందర పెట్టింది కూడా నేనే. అది మన తోటలోంచి పోతుంటే నాకు హాయిగా ఉండేది."

ఇన్నేళ్ళుగా తను ఎవరి మీద యుద్ధం చేసిందో జూనిపర్‌కు ఇప్పుడు తెలిసింది. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ మెట్ల కింద గడ్డిలో దగ్గుతూ కూలబడ్డ మనిషి కళ్ళముందే ఉంది.

"మరి ఇవాళెందుకు చెప్పావ్? పైన్ అనేస్తే సరిపోయేదిగా."

"పొద్దున నువ్వు వంటింట్లో పోయుంటే, ఆ రోజు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలేదాన్ని" అంది లార్క్. "అందుకని."

స్టెంజెల్ ట్రక్కు దగ్గర్నుంచి కేకేశాడు. "అరగంటైంది!"

సన్నటి మొక్కను పైన ఇంట్లో స్నానాలగదిలో పెట్టి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కూరారు. మిగతావన్నీ స్టెంజెల్ ట్రక్కులోకి ఎక్కించారు. అతను ఏమీ అడగలేదు. తాళ్ళు బిగిస్తూ మాత్రం, "కిటికీలన్నీ బార్లా తీసున్నాయేంటి, ఇల్లు బాగానే ఉందా?" అన్నాడు. బాగానే ఉందన్నారు. కాల్చడానికి తోటకు దూరంగా నది ఒడ్డుకు తీసుకెళ్ళాడు. రాత్రికి సముద్రపు గాలి నిజంగానే తిరిగింది.

మూడోనాటికి స్నానాలగదిలో పరిచిన కాగితం మీద పసుపుపచ్చటి పొడి రాలింది. చిన్న కుంచెతో దాన్ని ఆడమొక్క కింది కొమ్మకు అద్ది, కాగితపు సంచి తొడిగారు. ఆకురాలే కాలానికి ఆ కొమ్మలో గింజలు ముదిరాయి. గుప్పెడైనా లేవు.

జూనిపర్ ముక్కు చలికాలంలో తిరిగొచ్చింది గానీ వంకరగా వచ్చింది. కాఫీ కాలిన టైరు వాసన వేసేది. సబ్బు పచ్చిమాంసంలా ఉండేది. తర్వాత కొన్ని చక్కబడ్డాయి, పైన్ వచ్చింది, నిమ్మ వచ్చింది. రెండో వాసన మాత్రం ఆమెకు మళ్ళీ అందలేదు. వైద్యులు అందుతుందనీ చెప్పలేదు, అందదనీ చెప్పలేదు. కొండవాళ్ళు మొక్కలు పట్టుకొస్తే ఆమె దాచలేదు. "నాకు సగమే తెలుస్తోంది. మిగతా సగం మా చెల్లెల్ని అడగండి" అనేది. కొందరు రావడం మానేశారు.

తర్వాతి ఏడు ఆ గింజలు మొలిచాయి. వరసకట్టి నిలబడ్డాయి. లార్క్ రోజుకు కొన్నింటినే చూసేది, అంతకుమించి చూస్తే అన్నం సహించేది కాదు. కొన్ని రోజులు గ్రీన్‌హౌస్ వైపే వచ్చేది కాదు. ఎందుకని జూనిపర్ అడగడం మానుకుంది. తొందరపెట్టడం మానుకోడానికి మాత్రం ఆమెకు వేసవంతా పట్టింది.

ఒక సాయంత్రం జూనిపర్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. లార్క్ వరస చివర ఒక కాండం రుద్ది, తల పక్కకు తిప్పుకుని, మళ్ళీ వేలు దగ్గరికి తెచ్చుకుంది.

"ఉందా?"

"ఆగవే. తొందరపెట్టకు."

జూనిపర్ ఆగింది. గ్రీన్‌హౌస్ ప్లాస్టిక్ పైకప్పు మీద గాలి టపటపలాడింది.

"ఉంది" అంది లార్క్. "ఇవాళ్టికి చాలు. మిగతావి రేపు."

జూనిపర్ లేచి వెళ్ళి ఉంచుకునేదని గుర్తుగా ఆ కాండానికి ఎర్ర ఊలుదారం కట్టింది. తర్వాత నీళ్ళు వదలడానికి ట్యాంకు దగ్గరికి నడిచింది.